ఏప్రిల్లో విప్పేసే జాకెట్టు కొనొద్దు: అనంతపురం–తాడిపత్రి రోడ్డు మీద రోజూ బైకు నడిపే తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. అనంతపురంలో ఇల్లు, తాడిపత్రిలో ఉద్యోగం, పోనూ రానూ రోజుకు నూటపది కిలోమీటర్లు బైకు మీదే. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. దారి పొడుగునా బండల లారీలు, సిమెంటు లారీలు. చేతిలో ఎనిమిది వేలు ఉన్నాయి, నల్ల జాకెట్టు ఒకటి నచ్చింది, కానీ మే నెల ఎండలో అది ఒంటి మీద ఉంటుందా అని అనుమానం. రేడియం కోటు వేసుకుంటే రోడ్డు పనోడు అంటారని ఇంకో సంకోచం. ఆదివారాలు భార్య కూడా వెనక కూర్చుంటుందని చివర్లో రాశావు.

నేను మందుల కంపెనీ రెప్‌గా ఇరవై మూడేళ్లు కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాలూ బైకు మీదే తిరిగాను. నా లైను గాయాలకు వాడే ఆయింట్‌మెంట్లు, డ్రెస్సింగ్ సామాను. కాబట్టి కింద పడినవాళ్లను డ్రెస్సింగ్ గదుల్లో దగ్గర్నుంచి చూశాను. తారు రోడ్డు మీద గీసుకుపోయిన గాయంలో ఇసుక, కంకర పొడి ఇరుక్కుంటే దాన్ని బ్రష్షుతో రుద్ది కడగాలి. ఆ కేకలు వరండా దాకా వినపడతాయి. నేనూ ఒకసారి పడ్డాను, ఆ సంగతి చెప్తాను.

ముందు ఎండ సంగతి తేల్చుకుందాం. మన దగ్గర జాకెట్టు కొన్నవాళ్లు చాలామంది మార్చి దాకా వేసుకుని ఏప్రిల్లో మేకుకు తగిలించేస్తారు. మళ్లీ వానలు పడితే గానీ దాని ముఖం చూడరు. అందుకే నేనెప్పుడూ చెప్పేది ఒకటే: జాకెట్టు మే నెలకు కొనుక్కో, డిసెంబరుకు కాదు. చలికి లోపల స్వెటర్ వేసుకోవచ్చు. ఎండకు మాత్రం మందపాటి జాకెట్టును పల్చన చేయలేం.

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపే బండి మీద తగిలే గాలి ఒంటిని చల్లబరుస్తుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మన దగ్గర 40 దాటతాయి. అప్పుడు తగిలేది వడగాలి. ఎంత వేగంగా పోతే అంత వేడిని ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఆ సమయంలో ఒంటిని కాపాడేది చెమట ఒక్కటే, అది ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. పొట్టిచేతుల చొక్కాతో పోతే చెమట పుట్టీ పుట్టకముందే ఎగిరిపోతుంది. చెమటే పట్టలేదు, బాగానే ఉన్నాను అనుకుంటావు. ఒంట్లో నీళ్లు మాత్రం తగ్గిపోతూనే ఉంటాయి.

మన గొర్రెల కాపరులను చూడు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా నెత్తికి తువాలు, ఒంటినిండా గుడ్డ, భుజాన కంబళి. ఎండలో బతికేవాడు ఎండకు ఒళ్లు చూపించడు. బైకు మీద మనం చేయాల్సిందీ అదే. మన ఎండ పొడి ఎండ, నెల్లూరు వైపు ఉక్క లాంటిది కాదు. పొడి గాలిలో తడిగుడ్డ బాగా చల్లబరుస్తుంది. నూలు బనియన్ తడిపి, నీళ్లు కారకుండా పిండి, దాని మీద మెష్ జాకెట్టు వేసుకో. మెష్ అంటే జల్లెడ లాగా సన్న రంధ్రాలుండే గుడ్డ. బండి కదిలిన రెండు నిమిషాలకు కూలర్ ముందు కూర్చున్నట్టు ఉంటుంది. నాకు దాదాపు నలభై నిమిషాలు పనిచేసేది. ఆరిపోతే ఆగి, ఒక సీసా నీళ్లు సగం తాగి, సగం బనియన్ మీద పోసుకునేవాణ్ణి. పామిడి నుంచి గుత్తి, గుత్తి నుంచి డోన్ మే నెల మధ్యాహ్నాల్లో అలాగే పోయాను. జాకెట్టు లేకుండా పోయిన రోజులకంటే ఆ రోజుల్లోనే తలనొప్పి తక్కువ. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఉడికిపోతుంది, నిజమే. జిప్పు దించుకో, కదిలేటప్పుడు మళ్లీ పైకి లాక్కో.

ఇంకో మాట. నీ వేళలు చూస్తే నీకు మిట్టమధ్యాహ్నం బండి నడిపే పనే లేదు. పొద్దున తొమ్మిదిన్నర లోపు చేరిపోతావు, తిరుగు ప్రయాణం పొద్దుగూకినాక. కాబట్టి నీకు ఎండ రెండో సమస్య. మొదటిది చీకటి. దాని గురించి కింద ఎక్కువ రాస్తాను.

ఇప్పుడు పడటం సంగతి. 2009లో డోన్ దాటినాక ఒక మలుపులో కంకర మీద ముందు చక్రం జారింది. వేగం నలభై ఉంటుందేమో. ఒంటి మీద టెరికాటన్ ప్యాంటు, ఇస్త్రీ చొక్కా. తలకు హెల్మెట్ ఉంది కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నాను. మొదట నేలకు తగిలింది కుడి అరచెయ్యి, తర్వాత మోచెయ్యి, మోకాలు, నడుం పక్క ఎముక. ఆ వరుస గుర్తుపెట్టుకో. పడేవాడెవడైనా చెయ్యి ముందు చాపుతాడు, అది మనం ఆపలేని పని. అరచెయ్యి దోక్కుపోతే అన్నం కలుపుకోలేవు, గుండీ పెట్టుకోలేవు, మూడు వారాలు పక్కవాళ్ల మీద ఆధారపడాలి. నేనూ ఆ బాధ పడ్డాను. టెరికాటన్ ప్యాంటు రాపిడి వేడికి కరిగి మోకాలి మాంసానికి అతుక్కుంది. ఆ ముక్కలు ఒక్కొక్కటే పీకిన నర్సమ్మ చెయ్యి నాకిప్పటికీ గుర్తే.

అరవైలో పడితే ఏమవుతుందో లెక్క వేద్దాం. అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. తారు మీద మనిషి జారి ఆగడానికి సుమారు 20 మీటర్లు, అంటే రెండు పెద్ద లారీలను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత దూరం. ఆ రెండున్నర సెకన్లు గుడ్డ చిరగకుండా ఉంటే చర్మం మిగులుతుంది. సాదా జీన్స్ గట్టిదే అనుకుంటారు గానీ అది ఆ దూరంలో కొద్దిపాటికే అరిగిపోతుంది. నూలు చొక్కా సంగతి చెప్పక్కర్లేదు.

జాకెట్టు కొనేటప్పుడు బయటి అందం చూసే ముందు లోపలి చీటీ చదువు. ఈఎన్ 17092 అనే యూరప్ ప్రమాణం ఉంది. దాంట్లో ‘ఏఏఏ’ (AAA) అన్నిటికంటే గట్టిది, తర్వాత ‘ఏఏ’ (AA), తర్వాత ‘ఏ’ (A). ఎండాకాలపు మెష్ జాకెట్లు ఎక్కువగా ‘ఏ’ తరగతిలోనే వస్తాయి. హైవే మీద రోజూ నూట ఇరవైలో పోయేవాడికైతే ఏఏ తీసుకోమంటాను. నీకు ‘ఏ’ చాలు. ‘ఏఏఏ’ కొని బీరువాలో పెట్టినవాడికంటే ‘ఏ’ వేసుకుని బండెక్కినవాడు నయం. అదే చీటీలో ‘బీ’ (B) అని ఉంటే గుడ్డ ‘ఏ’ తరగతంత గట్టిదే గానీ లోపల దెబ్బను ఆపే మెత్తలు ఉండవని అర్థం. చీటీ అంటూ లేకుండా ‘రైడింగ్ జాకెట్’ అని మాత్రమే రాసి ఉంటే అది చలికోటు కిందే లెక్క.

భుజం, మోచేతుల దగ్గర పెట్టే మెత్తల మీద ఈఎన్ 1621-1 అనీ, వీపు మెత్త మీద ఈఎన్ 1621-2 అనీ అచ్చువేసి ఉండాలి. పక్కన 1 గానీ 2 గానీ ఉంటుంది. 2 అంటే దెబ్బను ఎక్కువగా మింగుతుంది. మనకు ఇంకా ముఖ్యమైన గుర్తు ఒకటుంది, దాన్ని అంగడివాళ్లు చూపించరు: టీ అక్షరం పక్కన ప్లస్ గుర్తు. ఈ మెత్తలు వేడికి మెత్తబడతాయి, మెత్తబడితే దెబ్బను ఆపే శక్తి తగ్గుతుంది. టీ ప్లస్ ఉందంటే 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించి చూశారని అర్థం. సీమలో అమ్మే ప్రతి జాకెట్టులో అదే ఉండాలని నా కోరిక. జిప్పు తెరిచి, మెత్త బయటికి తీసి చూడు. తీయనివ్వకపోతే వేరే అంగడికి పో. తక్కువ ధర జాకెట్లలో భుజానికి మంచి మెత్త పెట్టి వీపుకు పల్చటి స్పాంజి ముక్క పెడతారు. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. అలాంటిదైతే వీపు మెత్త విడిగా కొనుక్కోవాలి.

కొలత ఇంకో సంగతి. వదులుగా ఉన్న జాకెట్టులో పడేటప్పుడు మోచేతి మెత్త పక్కకు తిరిగిపోతుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. అంగట్లో నిలబడి కాదు, నీ బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని చూసుకో. మెత్త సరిగ్గా మోచేతి ఎముక మీద కూర్చోవాలి, ముంజేతి దగ్గర జాకెట్టు పైకి లేవకూడదు.

ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా ప్రాంతంలో బండి మీంచి పడినవాళ్లను పరిశీలించారు. ఆ అధ్యయనం 2011లో వచ్చింది. బైకు జాకెట్టు వేసుకున్నవాళ్లు ఆసుపత్రిలో చేరాల్సిన అవకాశం 21 శాతం తగ్గింది. బైకు ప్యాంటు వేసుకున్నవాళ్లకు 51 శాతం, గ్లోవ్స్ వేసుకున్నవాళ్లకు 59 శాతం తగ్గింది. ఆ మూడింటిలో తక్కువ ఖర్చయ్యేవి గ్లోవ్స్. మనవాళ్లు అన్నిటికంటే చివర కొనేవీ అవే. అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది: పడినప్పుడు దాదాపు 30 శాతం జాకెట్ల గుడ్డ తట్టుకోలేక పాడైపోయింది. అందుకే చీటీ చదవమంటున్నాను.

గ్లోవ్స్‌కు అరచేతి వైపు తోలు ఉండాలి, మణికట్టు దగ్గర పట్టీ ఉండాలి. పట్టీ లేకపోతే పడగానే ఊడిపోతాయి. వేళ్లు సగానికి కత్తిరించినవి వద్దు. మోకాళ్లకు ప్యాంటు లోపల కట్టుకునే నీగార్డులు దొరుకుతాయి, ఆఫీసుకు చేరాక విప్పి సంచిలో వేసుకోవచ్చు. నేను పదేళ్లు డాక్టర్ల ముందు ఇస్త్రీ ప్యాంటుతో నిలబడింది వాటివల్లే. చెప్పులతో మాత్రం బండెక్కొద్దు. చీలమండ కప్పే బూటు కావాలి. ఫ్యాక్టరీ పనివాళ్లు వేసుకునే ఎత్తు సేఫ్టీ షూ అయినా సరే, గేరు లివర్ కింద కాలు సులువుగా దూరుతుందో లేదో చూసి తీసుకో. లేసులు లోపలికి దోపు.

ఇక చీకటి.

నల్ల జాకెట్టు అందంగా ఉంటుంది, కాదనను. కానీ తారు నలుపు, రాత్రి నలుపు, నువ్వూ నలుపు. నీ వెనక వచ్చే లారీ డెబ్బైలో వస్తోందనుకో. సెకనుకు 19 మీటర్లు. డిమ్ లైటు వెలుగులో ముదురు రంగు మనిషి కనపడేది మహా అయితే ముప్పై, నలభై మీటర్ల దగ్గర. చూసి, తెలుసుకుని, బ్రేకు మీద కాలు వేయడానికే డ్రైవరుకు సెకనున్నర పడుతుంది. అంటే బండల లోడుతో ఉన్న లారీకి బ్రేకు పడే వేళకే అది నీ దగ్గరకు వచ్చేసి ఉంటుంది. నీ వేగం కొంత ఉంటుంది కాబట్టి కాస్త సమయం కలిసొస్తుంది. అదే నువ్వు గుంత చూసి నెమ్మదించినా, ఎదురుగా బర్రెలు వచ్చి ఆగినా, ఆ సమయం కూడా ఉండదు. బుక్కరాయసముద్రం దాటాక వీధిదీపాలు ఉండవు. రాత్రి నిన్ను చూపించేది నీ టెయిల్ ల్యాంపు ఒక్కటే. దుమ్ము పట్టిన టెయిల్ ల్యాంపు ఎంత దూరం కనపడుతుందో నువ్వే ఒకసారి దిగి చూడు.

మనవాళ్లు రేడియం అనే మాటను రెండు వేరు వేరు వస్తువులకు వాడతారు. దానివల్లే డబ్బులు వృథా అవుతాయి, కాబట్టి విడదీసి చెప్తాను. ఒకటి మిరుమిట్లు గొలిపే చిలకపచ్చ, నారింజ గుడ్డ. దాన్ని ఫ్లోరసెంట్ అంటారు. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలను పట్టి కంటికి కనపడే వెలుగుగా మార్చి పంపుతుంది, అందుకే మామూలు రంగుకంటే ఎక్కువ వెలుగుతున్నట్టు ఉంటుంది. తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు, మునిమాపు వేళ అది బాగా పనిచేస్తుంది. సూర్యుడు లేకపోతే దానికి తిండి లేదు. రాత్రి అది ఒట్టి పసుపు గుడ్డే. రెండోది బూడిద రంగు పట్టీ, రిఫ్లెక్టివ్ టేపు. దాంట్లో సన్న గాజుపూసలో, పట్టకాల్లాంటి ముక్కలో ఉంటాయి. ఏ దిక్కు నుంచి వెలుగు పడితే ఆ దిక్కుకే తిప్పి పంపుతాయి. హెడ్‌లైటు వేసిన డ్రైవరు కంటికే ఆ వెలుగు తిరిగి చేరుతుంది. పగలు దానివల్ల ప్రయోజనం లేదు. నీకు రెండూ కావాలి, ఎందుకంటే నువ్వు పొద్దున పోయేది వెలుగులో, రాత్రి తిరిగొచ్చేది చీకట్లో.

తెల్ల చొక్కా వేసుకున్నాను కదా అనేవాళ్లు చాలామంది. నల్లదానికంటే నయమే. కానీ తెల్ల గుడ్డ పడిన వెలుగును అన్ని వైపులా చెదరగొడుతుంది, టేపు ఒకే వైపు పంపుతుంది. దూరం నుంచి చూస్తే రెండింటికీ పోలికే లేదు.

రంగు విషయంలో నా ఓటు చిలకపచ్చకు. పగటి వెలుగులో మనిషి కన్ను ఎక్కువగా స్పందించేది పచ్చ, పసుపు కలిసిన ఆ రంగుకే. మన ఎర్రనేలల మీద, ఎండిన గడ్డి మీద, కర్నూలు వైపు నల్లరేగడి మీద అది దేంతోనూ కలిసిపోదు. నారింజ రంగు కోటు చూస్తే డ్రైవరు రోడ్డు పని జరుగుతోందనుకుని నిలబడిన మనిషి కోసం వెతుకుతాడు. నువ్వు కదిలే మనిషివి. పట్టపగలు ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు చిలకపచ్చకూ మామూలు లేత రంగుకూ పెద్ద తేడా తెలియదని కూడా ఒప్పుకోవాలి. నీ విషయంలో ఇంకో చిక్కుంది. పొద్దున నువ్వు తూర్పు వైపు పోతున్నావు. నీ వెనక వచ్చేవాడి కళ్లలో సూర్యుడు కొడుతుంటాడు, అప్పుడు నువ్వు ఏ రంగు వేసుకున్నా వాడికి నీడ లాగే కనపడతావు. ఆ అరగంట అద్దాలు ఎక్కువగా చూసుకో, నడిరోడ్డు మీద ఉన్నట్టుండి నెమ్మదించకు.

కోటు వేసుకుంటే నవ్వుతారేమో అన్నావు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఫ్లోరసెంట్ గానీ రిఫ్లెక్టివ్ గానీ వేసుకున్న బైకువాళ్లకు గాయాల ప్రమాదం 37 శాతం తక్కువని తేలింది. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ వాళ్లకు 24 శాతం తక్కువ. ఫ్రాన్స్‌లో 2016 జనవరి నుంచి ప్రతి బైకువాడి దగ్గరా అలాంటి కోటు ఉండాలని చట్టమే ఉంది. రోడ్డు పని చేసే అన్న ఆ కోటు ఎందుకు వేసుకుంటాడు? లారీల మధ్య నిలబడి బతకాలి కాబట్టి. నువ్వు తిరిగేదీ ఆ లారీల మధ్యే. నవ్వేవాళ్లు అంగడి మెట్ల మీద కూర్చున్నవాళ్లు. లారీ నడిపేవాళ్లు నవ్వరు. గుత్తి దగ్గర టీ అంగట్లో ఒక లారీ డ్రైవరన్న నా కోటు పట్టుకుని చూసి, “అందరూ ఇట్ల ఏసుకుంటే మాకు సగం భయం పోతాది సార్” అన్నాడు.

ఇప్పుడు టేపు ఎక్కడ ఉండాలనేది. అందరూ ఛాతీకి, వీపుకు చూస్తారు. దానికంటే ముందు కాళ్లూ చేతులూ చూడు. మనిషి కీళ్లు కదిలే తీరు మన మెదడుకు పుట్టుకతో వచ్చినంత పరిచయం. చీలమండలు, మోకాళ్లు, మణికట్లు, మోచేతులు వెలిగితే చూసేవాడికి అది మనిషి అని తట్టడానికి ఎక్కువసేపు పట్టదు. వీపు మీద ఒక్క పట్టీ మాత్రమే వెలిగితే అది మైలురాయో, ట్రాక్టరు వెనక తగిలించిన డబ్బానో అనిపించొచ్చు. నడిచేవాళ్ల మీద, సైకిలు తొక్కేవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో ఈ సంగతి మళ్లీ మళ్లీ తేలింది. బైకు మీద కాళ్లు ఎక్కువ కదలవు నిజమే, కానీ ఆగినప్పుడు కాలు కింద పెడతావు, బండి దిగి పంచరు చూసుకుంటావు, రోడ్డు పక్కన నడుస్తావు. ఆ వేళల్లో కాళ్ల మీది టేపే నిన్ను కాపాడుతుంది. అదీగాక డిమ్ లైటు కిందికి కొడుతుంది, కాబట్టి దూరం నుంచి ముందుగా వెలుగు పడేది నీ మడమల మీదే.

ఎంత పెద్దది కొనాలంటే, పనివాళ్ల కోట్లకు ఈఎన్ ఐఎస్ఓ 20471 అనే ప్రమాణం ఉంది. దాంట్లో రెండో తరగతి కోటుకు ఫ్లోరసెంట్ గుడ్డ కనీసం అర చదరపు మీటరు, టేపు 0.13 చదరపు మీటరు ఉండాలి. ఆ చీటీ ఉన్నది దొరికితే మంచిది. దొరకకపోతే నడుం చుట్టూ ఒక పట్టీ, రెండు భుజాల మీదుగా రెండు పట్టీలు, రెండు అంగుళాల వెడల్పువి ఉన్నదాన్ని చూసుకో. టేపు అసలుదో కాదో అంగట్లోనే తేల్చొచ్చు. పది అడుగులు దూరం జరిగి, ఫోను టార్చ్ వేసి నీ కంటి పక్కన పెట్టుకుని చూడు. అసలుదైతే బల్బు వెలిగినట్టు తెల్లగా మెరుస్తుంది. టార్చ్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే మెరుపు తగ్గాలి. ఎలా పట్టుకున్నా ఒకేలా ఉంటే అది వెండి రంగు పూసిన గుడ్డ.

అందరూ మర్చిపోయేది సంచి. కోటు వేసుకుని దాని మీద ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుంటారు. వీపు మీది వెలుగంతా బ్యాగు కింద దాక్కుంటుంది. నేను రెండేళ్లు మందుల బ్యాగుతో అలాగే తిరిగి, ఒకరోజు రాత్రి వెనక వచ్చిన స్నేహితుడు చెప్తే గానీ తెలుసుకోలేదు. పామిడిలో గుడ్డల అంగళ్ల దగ్గర ఒక దర్జీ చేత బ్యాగుకు, ప్యాంటు అంచులకు, జాకెట్టు ముంజేతులకు టేపు కుట్టించాను. అంటించినదానికంటే కుట్టినది మన్నుతుంది. అదే విధంగా నీ భార్య వెనక కూర్చుంటే నీ వీపు ఎవరికీ కనపడదు. ఆదివారం ఆ కోటు వేసుకోవాల్సింది ఆమె, నువ్వు కాదు.

ఆమె గురించి ఇంకా చెప్పాలి. చీర కొంగు, చున్నీ వెనక చక్రంలోకి పోతే మెడకు బిగుసుకుంటుంది, లేదా మనిషిని వెనక్కి లాగేస్తుంది. నేను డ్రెస్సింగ్ గదుల్లో చూసినవాటిలో నన్ను ఎక్కువ కలత పెట్టినవి ఈ గాయాలే, ఎందుకంటే బండి ఎవరినీ గుద్దకుండానే జరుగుతాయి. శారీ గార్డు తీసేసి ఉంటే మళ్లీ పెట్టించు. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకోమను, దాని మీద కోటు జిప్పు వేసుకుంటే ఇంకెక్కడికీ పోదు. వీలైతే చుడీదారు వేసుకుని రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవడం మేలు. ఒక పక్కకు కూర్చున్న మనిషికి గుంతలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ తప్పనిసరని చట్టంలోనే ఉంది, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ అంతే. నాలుగేళ్లలోపు పిల్లలను ఎక్కించుకుంటే నడిపేవాళ్లకు కట్టే బెల్టు, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు సరిపోయే హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2022లో నిబంధన తెచ్చారు.

హెల్మెట్ నీ దగ్గర ఉందన్నావు కాబట్టి కొంచెమే రాస్తాను. గడ్డం దాకా కప్పేదేనా? ఐఎస్ 4151 అనే అంకె, ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు, దొంగ గుర్తయితే దొరికిపోతుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి థర్మకోల్ అణిగిపోయి ఉంటుంది, పైకి బాగున్నా పారెయ్యాలి. హెల్మెట్ వల్ల చావు ప్రమాదం 42 శాతం, తల గాయాలు 69 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో ఉంది. నల్ల అద్దం ఉంటే మార్చెయ్, నీ తిరుగు ప్రయాణమంతా చీకట్లోనే. తాడిపత్రి బండల పాలిషు దుమ్ము అద్దం మీద పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిచావంటే గీతలు పడి, ఎదురు లైటుకు అద్దమంతా సాలెగూడులా మెరుస్తుంది. తడిగుడ్డ రెండు నిమిషాలు అద్దం మీద పరిచి, దుమ్ము నానాక మెల్లగా జార్చు. హెల్మెట్ వెనక, రెండు పక్కలా టేపు ముక్కలు అంటించు. నీ ఒంట్లో అన్నిటికంటే ఎత్తున ఉండి, బ్యాగుకూ మనిషికీ అడ్డం పడనిది అదొక్కటే.

వానకోటు నల్లది కొనొద్దు, అది నీ వెలుగంతా కప్పేస్తుంది. పసుపుది తీసుకో, లేదా కోటును వానకోటు మీద వేసుకో. దుప్పటిలా వేలాడే రకం చక్రంలో పడుతుంది, వద్దే వద్దు.

టేపు మీద దుమ్ము పడితే మెరుపు పోతుంది, కాబట్టి వారానికోసారి తడిగుడ్డతో తుడువు. కోటు ఉతికేటప్పుడు తిరగేసి చన్నీళ్లలో, బ్లీచింగ్ లేకుండా. పిండొద్దు, టేపు మీద ఇస్త్రీ వద్దు, నీడన ఆరెయ్. మన ఎండకు చిలకపచ్చ రంగు త్వరగా వెలిసిపోతుంది. జేబు మూత కింద దాగిన గుడ్డతో భుజం మీది గుడ్డను పోల్చి చూడు, తేడా కొట్టొచ్చినట్టు తెలిస్తే కొత్తది తెచ్చుకో. రెండు మూడు వందల వస్తువు.

నీ ఎనిమిది వేలను నేనైతే ఇలా పెడతాను. లేత బూడిద రంగులో, ‘ఏ’ తరగతి మెష్ జాకెట్టుకు నాలుగున్నర వేల దాకా. గ్లోవ్స్‌కు పదిహేను వందలు. నీగార్డులకు పన్నెండు వందలు. కోటు, మంచి టేపు, దర్జీ కూలీ కలిపి ఆరేడు వందలు. డబ్బులు ఒకేసారి కుదరకపోతే ఈ వారమే కోటు, టేపు, గ్లోవ్స్ కొను. జాకెట్టు వచ్చే నెలకు ఆగొచ్చు. బూట్లు ఆ తర్వాత.

అన్నీ వచ్చాక ఒక పని చెయ్యి. రాత్రి మీ వీధి దాటి దీపాలు లేని చోటికి పో. నీ కోటు, బ్యాగు, హెల్మెట్ వేసుకుని మీ తమ్ముణ్ణో, స్నేహితుణ్ణో రోడ్డు దిగి అంచున నూరడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడమను. నువ్వు బండి డిమ్ లైటు వేసి చూడు. తర్వాత రెండొందల అడుగులకు పొమ్మను, ఆ తర్వాత మూడొందలకు. ఏ దూరంలో మనిషి అని తెలియడం ఆగిపోతుందో, అప్పుడు ఒంటి మీద ఎక్కడ చీకటి మిగిలిందో చూసుకుని అక్కడ ఇంకో ముక్క టేపు కుట్టించు.